జహ్రాలో శనివారం కూలే ఇల్లు

కువైట్‌లో పాత ఇళ్లు చూడాలనుకునేవాళ్లు ఆలస్యం చేయకూడదు. మ్యూజియంగా మార్చినవి నిలుస్తాయి. మామూలు కుటుంబాలు కట్టుకున్న ఒంటి అంతస్తు ఇళ్లు వరసగా పోతున్నాయి. వాటి చోట లిఫ్టున్న విల్లాలు లేస్తున్నాయి. జహ్రాలో అలాంటి ఒక ఇంట్లో నా భార్య సుభద్ర తొమ్మిదేళ్లు వంట చేసింది. పోయిన ఏడాది చనిపోయింది. ఆ ఇంటి డ్రైవర్, రాయచోటి మహబూబ్, గురువారం ఫోన్ చేశాడు. "సామాన్లన్నీ ఎత్తేసినారన్నా. శనివారం పొద్దున మిషన్ వస్తాది. సూడాలంటే రేపే రా."

మర్నాడు పొద్దున నేనుండే ఫర్వానియాలో ఏడింటికి బయలుదేరాను. సిటీలో బస్సు మారితే గంటన్నర ప్రయాణం, రెండు టికెట్లకు ఆరు వందల ఫిల్స్. ప్రతి శుక్రవారం ఇదే దారిలో వచ్చేవాణ్ని. పనిమనిషి భర్త ఇంట్లోకి వెళ్లడం ఇక్కడ ఆనవాయితీ కాదు. గేటు బయట నిలబడేవాణ్ని. ఆమె వచ్చేది. అరగంట మాట్లాడుకునేవాళ్లం. లోపల ఎలా ఉంటుందో ఆమె చెప్పగా విన్నదే. ఒక్కసారి చూడాలనిపించింది.

మహబూబ్ గేటు తీసి పట్టుకున్నాడు. "రా అన్నా. ఈ పొద్దు నిన్నాపేవోళ్లు ఎవురూ లేరు. అయినా ఈ ఇంటి యజమానురాలు, మామా అంటాం, మంచిదే, అడిగింటే ఎప్పుడో రమ్మనేది."

నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశం కనిపించే ముంగిలి. వెనక పాత భాగానికి కప్పు ఇంకా మడచెట్ల కర్రలదే. ఒకప్పుడు వాటిని ఆఫ్రికా తీరం నుంచి పడవల్లో తెచ్చేవారు. వంటగది పక్కన సుభద్ర గది. ఒక మంచం పడుతుంది. కిటికీ లేదు. బయటికి వచ్చి గోడ చుట్టూ చూశాను. ఎక్కడా లేదు.

"నేను బస్సు దిగడం కిటికీలోంచి చూశాననేది సుభద్ర," అన్నాను. "చొక్కా రంగు కూడా చెప్పేది."

"కిటికీ యాడిదన్నా?" మహబూబ్ నవ్వాడు. "బండి కడుగుతా నేను సూసి, పోయి చెప్తాంటి. ఏం చొక్కా అని వదిన అడిగేది. బస్సు రోంత ఆలస్యమైతే నన్ను తిట్టేది, నేనే ఆపినట్టు! ఒగసారి మాసిన చొక్కా అంటే, పొద్దు మునిగేదాకా టీ ఇయ్యలే."

నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆ గది గడప మీద కూర్చున్నాను. మహబూబ్ నీళ్ల సీసా ఇచ్చి బయటికి వెళ్లాడు.

ఆ ఇంటిని నిలపాలని నేను అనను. ముంగిలి అందమైనది. ఆ గది ఉండకూడనిది. రెండూ ఒకే మిషన్ కింద పోతాయి. తిరుగు బస్సులో నిద్రపోయి నా స్టాపు దాటిపోయాను.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. పాత ఇల్లు కనిపిస్తే, మనుషులు ఉండగానే తలుపు తట్టి లోపలికి రావచ్చా అని అడగండి. కాదంటే తిరిగి వస్తారు, అంతే. నేను తొమ్మిదేళ్లు అడగలేదు.