పర్చూరు పేకాటలో నా పుస్తకం ఎవరికి దక్కింది

చదివి ఇస్తానని పట్టుకెళ్ళిన పుస్తకాన్ని ఇరవై ఆరేళ్ళు దగ్గర పెట్టుకున్నవాణ్ణి స్నేహితుడనడం నా వల్ల కాదు. కోటేశ్వరరావు, నేను ఒకే కాలేజీలో చరిత్ర చెప్పాం. అమరావతి శిల్పాల మీద ఆ పుస్తకం నా మొదటి జీతంతో కొన్నది. ఈ ఫిబ్రవరిలో ఫోన్ చేసి, పర్చూరు దగ్గర అంజయ్య గారి పొలంలో జరిగే నాకౌట్ పోకర్‌లో దాన్నే తన బౌంటీగా పెడుతున్నానన్నాడు. "దమ్ముంటే గెలుచుకోరా. పొద్దున్నే నా కార్లో వచ్చెయ్." నా పుస్తకాన్ని నేనే గెలుచుకోవాలట! నీ కారు నాకక్కర్లేదని ఫోన్ పెట్టేశాను.

ఏడింటికి గుంటూరులో చిలకలూరిపేట బస్సెక్కాను. తొమ్మిదిన్నరకల్లా పర్చూరులో ఉండాల్సింది. మిర్చి యార్డు దాటకుండానే మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, ఎత్తిన ట్రాక్టర్లు రోడ్డంతా పరుచుకున్నాయి. ఘాటుకు బస్సులో అందరూ తుమ్ముతున్నారు. గంట గడిచింది.

"టికెట్ కొట్టేటప్పుడు ఈ సంగతి చెప్పొద్దా?" అని కండక్టర్ మీద అరిచాను.

"మీరు గుంటూరోళ్ళేగా బాబాయ్ గారూ! మిర్చి సీజనని మీకు నేను చెప్పాలా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పేటలో బస్సు మారి పర్చూరు చేరి, వంద అడిగిన ఆటోను ఎనభైకి ఒప్పించి, పొలానికి వెళ్ళేసరికి పదకొండు. వాడకం మానేసిన, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టం నీడలో ఎనిమిది కుర్చీలు. అక్కడ డబ్బు ఆడరు. మనిషికి వంద చింతపిక్కలు ఇస్తారు, ఒక్కొక్కరు ఇంటి నుంచి ఒక పుస్తకం తెస్తారు. నీ పిక్కలన్నీ ఊడ్చి నిన్ను బయటికి పంపినవాడు అప్పటికప్పుడే నీ పుస్తకం తీసుకుంటాడు. చివరిదాకా ఆగే పని లేదు. నాకౌట్‌లో బౌంటీ అంటే అంతే. అయితే ఆటలో ప్రతివాడూ వంతులవారీగా తప్పనిసరి పందెం కాయాలి. కుర్చీ ఖాళీగా ఉన్నా నా వంతు నా కుప్పలోంచి తీశారు. నేను కూర్చునేసరికి మిగిలినవి అరవై.

"ఏరా, నడిచొచ్చావా?" అన్నాడు కోటేశ్వరరావు. వాడి పక్కనే నా పుస్తకం. అదే ముదురాకుపచ్చ అట్ట.

మధ్యాహ్నం గోంగూర, పండుమిరప పచ్చడితో భోజనం పెట్టారు. నాకు సయించలేదు. గెలుస్తూ, పోగొట్టుకుంటూ మళ్ళీ అరవైకే వచ్చి నిలిచాను. అప్పుడు పడింది ఆ ముక్క. నా చేతిలో రెండు రాజులు, బల్ల మీద మూడోది. అరవై మొత్తం తోసేశాను. కోటేశ్వరరావు తన తొంభై తోశాడు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మార్తమ్మ గారి దగ్గర రెండు వందల పైనే ఉన్నాయి. ఆవిడా తొంభై పెట్టి పందెంలోకి వచ్చారు. ముక్కలు తిప్పాం. నావి మూడు రాజులు, ఆవిడవి మూడు తొమ్మిదులు, వాడివి రెండు జతలు. అందరికంటే నాదే పెద్ద చెయ్యి! పుస్తకం మీద చెయ్యి వేశాను.

"అది మీది కాదు మాస్టారూ," అన్నారు మార్తమ్మ గారు.

"గెలిచింది నేనమ్మా!"

"మీరు అరవై పెట్టారు. ముగ్గురి అరవైలూ మీవే, తీసుకోండి. మీతో ఓడాక కూడా ఆయన దగ్గర ఇంకో ముప్పై ఉన్నాయి. ఆ ముప్పైకి పోటీ ఆయనా, నేనూ. అవి లాక్కుని బయటికి పంపింది నేనేనండి."

ఆట పెట్టిన అంజయ్య గారి వైపు తిరిగాను. ఆయన తలగోక్కుని, "ఆఖరి పిక్కలు ఎవరు గెలిస్తే బౌంటీ వాళ్ళదే. ఆ రూల్సు తెలుగు చేసిచ్చింది మీరే కదండీ," అన్నాడు. రాతలో అంత స్పష్టంగా ఉండటం కూడా ఒక శాపమే. పోయిన నలభై పిక్కలు ఉండుంటే నా దగ్గర వంద, వాడి దగ్గర తొంభై. పుస్తకం నాదయ్యేది. ఆ నలభై తిన్నది ట్రాక్టర్లు కాదు, నా పొగరు.

"తీసుకోండి మాస్టారూ, నాకు శిల్పాలెందుకు?" అన్నారావిడ.

"తీసుకోరా, బతిమాలించుకోకు," అన్నాడు వాడు.

వాడా మాటన్నాక ఎలా తీసుకుంటాను? "ఆట ఆటే," అన్నాను. కానీ పేజీలు తిప్పకుండా ఉండలేకపోయాను. అంచుల్లో నా పెన్సిల్ రాతల కింద వాడి నీలం సిరా. 'ఇది బోధివృక్షం కాదు' అని నేను రాసినచోట, 'వెళ్ళి చూశాను, నువ్వే తప్పు' అని. అలా పుస్తకమంతా! ఇరవై ఆరేళ్ళు నాకు తెలియకుండా నాతో వాదించాడు, వెధవ. దానికి జవాబు రాయకుండా నేను చస్తానా?

"అమ్మా, ఒక్క నెల ఇవ్వండి, చదివి ఇచ్చేస్తాను," అన్నాను.

మార్తమ్మ గారు కళ్ళజోడు మీదుగా చూశారు. "నిజంగా ఇస్తారా?"

ఆ ప్రశ్న నన్నడిగిన మొదటి మనిషి ఆవిడే. ఇంటికొచ్చి నాలుగుసార్లు చదివాను. కొన్నిచోట్ల వాడి మాటే రైటు, ఎన్నిచోట్లో చెప్పను. మిగతాచోట్ల జవాబులు రాశాను. నెల దాటి పదకొండు రోజులైంది. మార్తమ్మ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. రెండోసారి నేను ఎత్తలేదు.

ఇలాంటి ఆటకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: ఒకణ్ణి బయటికి పంపిన ఇద్దరివీ సమానమైన ముక్కలైతే బౌంటీ ఎవరిదో మొదటి ముక్క పంచకముందే అడిగి తేల్చుకోండి. డబ్బైతే సగం చేస్తారు. పుస్తకాన్ని చింపలేరు.