ఆలస్యానికి కారణం

మొన్న పొద్దున స్కూలు గ్రౌండులో పిల్లల పరుగుకి స్టాప్‌వాచ్ నొక్కాను. బొటనవేలి కింద ‘టిక్’ మంది. పీటీ టీచరుని, రిటైర్మెంటు దగ్గరకొచ్చినదాన్ని, ఆ చప్పుడు నాకు రోజూ వినేదే. కానీ ఆ పూట పక్కనే ప్యూను స్కూలు గంటకి ఇత్తడి పాలిష్ పెడుతున్నాడు. ఆ చప్పుడూ ఈ వాసనా ఒక్కసారే వచ్చేసరికి, బాగ్‌బేరా రైల్వే కాలనీలో గార్డు సింహాచలం మావయ్య గుమ్మం ముందు ఉన్నట్టే అయిపోయింది. పిల్లలు పరుగు ముగించి ‘మేడమ్, టైమ్ కిత్నా హువా?’ అని అరిచేదాకా ఈ లోకంలోకి రాలేదు. వాచ్ ఆపడం మరిచిపోయాను! మావయ్య ఉంటే చెవి మెలేసి ఉండేవాడు.

మావయ్యంటే చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం వైపు నుంచి టాటానగర్ వచ్చిన రైల్వే వాళ్లందరూ మాకు మావయ్యలూ అత్తలే. మా నాన్న యార్డులో పాయింట్స్‌మన్, బండిని ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి మళ్లించే పని. పక్క క్వార్టరు మావయ్యది. గూడ్సు బండి వెనక పెట్టెలో కూర్చుని వెళ్లే గార్డు ఆయన. డ్యూటీ లేని రోజుల్లో ఆయన పిచ్చి ఒక్కటే, బిష్టుపూర్ బజారులో పాత సామాన్ల కొట్లో కొన్న స్టాప్‌వాచ్. దాని ఇత్తడి ఒంటికి వారానికోసారి పాలిష్ పెట్టేవాడు. అత్త చంద్రహారానికి కూడా అంత మెరుపు లేదు, ఆ మాట అత్తే అనేది.

ఆ వాచ్‌తో ఆయన కొలవనిది లేదు. కుళాయి కింద బిందె నిండడానికి ఎంతసేపు, ఎదురింటి మిశ్రాగారు తలకి నూనె రాసుకోవడానికి ఎంతసేపు, అన్నీ ఒక నోట్సులో ఎక్కేవి. గార్డులకి ఒక పద్ధతి ఉంది. బండి ఎక్కడ ఎంతసేపు ఆగిందో రాస్తే చాలదు, పక్కన ఎందుకు ఆగిందో కూడా రాయాలి. కారణం రాయకపోతే ఆ తప్పు గార్డు నెత్తి మీదికే వస్తుంది. మావయ్య ఆ పద్ధతిని ఇంట్లోకీ తెచ్చేశాడు.

“ఏటే, టీ నాలుగు నిమిషాలు లేటు. కారణం ఏటి?” అని అడిగేవాడు.

“కారణం నీ గడియారమే. దాన్ని పొయ్యిలో ఎట్టు, టీ ఇప్పుడే మరుగుతాది,” అనేది అత్త.

ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా ‘టీ లేటు, కారణం: బొగ్గు తడి’ అని రాసుకునేవాడు. అత్త మీద తప్పు వేస్తూ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

నేను ఆ నోట్సులోకి ఎక్కింది కుక్క పుణ్యాన. పాలచెంబుతో వస్తుంటే నీళ్ల ట్యాంకు దగ్గర్నుంచి ఒకటి తరిమింది. చెంబు ఎక్కడ పడిందో తెలీదు, మావయ్య గేటు దగ్గరకొచ్చి పడ్డాను. మా అమ్మ పాల కోసం లబోదిబోమంటుంటే ఈయన వాచ్ చూసుకుంటూ మురిసిపోతున్నాడు.

“ఓలమ్మో! ఒలే పైడీ, కుక్కనే ఓడగొట్టేసినావే! మళ్లీ ఒకపాలి ఎల్లిరా. కుక్క నేకుండా సూద్దాం.”

డెబ్బైల చివరి సంగతి ఇది. నాకు పద్నాలుగేళ్లు. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా ఆయన పచ్చజెండా ఊపి ఈల వేస్తే నేను ట్యాంకు చుట్టూ పరుగు. ఆయన డ్యూటీ పెట్టె నల్లటి రేకు పెట్టె. మూత లోపలివైపు పేపర్లో వచ్చిన పరుగువీరుల బొమ్మలన్నీ అంటించి ఉండేవి. మూత కింద రెండు జెండాలు. “ఇది ఊపితే ఎల్లిపో. ఇది కనబడితే మాత్రం పేణం పోయినా ఆగిపో,” అని ఎర్రది చూపించేవాడు. నాకు కొత్తగా చెప్పాలా? పాయింట్స్‌మన్ కూతుర్ని. ఎర్రజెండా చూస్తే ఆగాలని ‘అ ఆ’ల కన్నా ముందే నేర్చుకున్నాను.

నాన్నకి ఈ పరుగు గిట్టేది కాదు. “పరుగు కూడెడతాదేటి? బిష్టుపూర్‌లో టైపు నేర్చుకో,” అనేవాడు. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. జిల్లా పోటీల్లో మొదటి ఇద్దరిలో వస్తే రాష్ట్ర పోటీలకి పాట్నా పంపిస్తారు. వస్తే పరుగు, రాకపోతే టైపు, మరి మాట్లాడేది లేదు. నేను సరేనన్నాను గాని, ఆ టైపు మిషను నా కలల్లోకి వచ్చి టకటకలాడేది.

పోటీ రోజున రెండు చుట్ల పరుగు. ఆఖరి మలుపు తిరిగేసరికి నా ముందు ఎవరూ లేరు. ఎదురుగా ముగింపు గీత, గీత పక్కనే ఒక వాలంటీరు. తోసుకొస్తున్న జనాన్ని వెనక్కి నెట్టడానికి ఆయన చేతిలో ఎర్రజెండా, అటూ ఇటూ ఊపేస్తున్నాడు. అంతే. నా కాళ్లు బ్రేకు వేసినట్టు ఆగిపోయాయి. గీతకి మూడడుగుల దూరంలో! గ్రౌండంతా “భాగ్! భాగ్!” అని, పరిగెత్తమని గోల. ఏం జరిగిందో అర్థమయ్యేలోపు ఇద్దరు నన్ను దాటేశారు. మూడోదాన్నయ్యాను. సిగ్గుతో చచ్చిపోయాను. దారిలో మావయ్య నోట్సు తీసి ఏదో రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక నాన్న, “అయితే సోమారం నుంచి టైపు,” అన్నాడు. మావయ్య నోట్సు తెరిచి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న పైకే చదివాడు. ‘పైడితల్లి, మూడో స్థానం. ఆలస్యానికి కారణం: ఎర్రజెండా.’

“గవరయ్యా, నువ్వు పాయింట్స్‌మన్‌వి,” అన్నాడు మావయ్య. “రెడ్డు సూసి ఆగినోడికి మన రైల్వేలో ఎవుడైనా శిక్ష ఏసినాడా?”

నాన్న మీసాల కింద నవ్వు ఆపుకోలేకపోయాడు. “ఎయ్యరు,” అన్నాడు. “సరే, ఇంకొక్క ఏడాది.” నేను వెక్కివెక్కి ఏడ్చాను, అత్త బెల్లం ముక్క నోట్లో పెట్టేదాకా.

మర్నాటి నుంచి కొత్త పాఠం మొదలైంది. మావయ్య గేటు దగ్గర ఎర్రజెండా పట్టుకుని నిలబడేవాడు, నేను దాన్ని దాటి పోవాలి. నాకు కాళ్లు ఆడేవి కావు. ఆయనకీ చెయ్యి ఆడేది కాదు. జెండా ఎత్తేవాడు, నేను దగ్గరకి రాగానే గబుక్కున దించేసేవాడు.

“మావయ్యా, దించకు!”

“నా సర్వీసు మొత్తంలో ఇది దాటమని ఎవుడికీ సెప్పనేదే తల్లీ,” అని తల పట్టుకుని కూర్చున్నాడొక రోజు. “నీకే సెప్పతన్నాను. పరుగు గీత కాడ మట్టుకే, ఇంకెక్కడా కాదు. ఒట్టెయ్యి.” ఒట్టేశాను.

మరుసటి ఏడాది అదే గ్రౌండు, అదే పరుగు. నాన్న డ్యూటీ ఉందని రానన్నాడు. ఆఖరి మలుపు తిరిగాను, ముందు ఎవరూ లేరు. గీత దగ్గర మళ్లీ ఎర్రజెండా! కాలు ఒక్క క్షణం తడబడింది. అప్పుడు చూశాను. గీత అవతల ఇరవై అడుగుల దూరంలో ఖాకీ చొక్కా, మాసిన టవలు. మా నాన్న! డ్యూటీ మార్పించుకుని వచ్చి, మావయ్య పెట్టెలోంచి పచ్చజెండా తీసుకుని, రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. “వచ్చీయే గుంటా! లైను కిలీరు! వచ్చీయి!” అని గొంతు చించుకుంటున్నాడు. ఆ ఎర్రగుడ్డ ఎప్పుడు దాటానో నాకు తెలీదు. నేరుగా వెళ్లి నాన్న పొట్టకి గుద్దుకుని ఆగాను.

మావయ్య పోయాక అత్త ఆ నోట్సూ ఆ వాచీ నాకే ఇచ్చింది. వాచ్ నడవదు. నోట్సులో ఆ రోజు పేజీ ఎన్నిసార్లు చూసుకున్నానో లెక్కలేదు. ‘పైడితల్లి, మొదటి స్థానం. అర సెకండు లేటు. కారణం: నాన్నను చూసింది.’

నా స్కూలు నోట్సులోనూ ప్రతి పిల్ల పేరు పక్కన కారణానికి ఒక గడి గీస్తాను. మొన్న టైము పోయింది కదా, పిల్లల్ని బతిమాలి మళ్లీ పరిగెత్తించాను. ఆఖరున వచ్చిన ఒక చిన్నది తిట్లు పడతాయని తల దించుకుని నిలబడింది. “క్యా హువా బేటా? కారణం ఏటి?” అని అడిగాను. తెగిన చెప్పు ఎత్తి చూపించింది. దాని ఎదురుగానే, దానికి కనిపించేలా రాశాను. ఆలస్యానికి కారణం: చెప్పు.