అవతలి జట్టు పిల్ల పాదం

ఊడ్పుల రోజుల్లో పొద్దుటి నుంచి బురదలో నడుం వంచి ఉండేవాళ్ళం. మధ్యాహ్నం అయ్యేసరికి ఎవరో ఒకరికి పిక్క పట్టేసేది. అమ్మో అని కేకేసి గట్టు మీద కూలబడేది ఆ మనిషి. పక్కనున్న ఆవిడ నారుకట్ట కింద పడేసి, ఆ పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో మడమ పట్టుకుని, రెండో చేత్తో కాలివేళ్ళను వెనక్కి నొక్కేది. కాసేపటికి పిక్క వదిలేది. పక్కనున్న నగరం అనే ఊరి వైపు నుంచి వచ్చే గుంపుతో మాకు ఎప్పుడూ పోటీ. వాళ్ళు ఆ గట్టు నుంచి, మేం ఈ గట్టు నుంచి, ఎవరు ముందు మధ్యకి వస్తారో అన్నట్టు నాటేవాళ్ళం. మాటలు కూడా అనుకునేవాళ్ళం. అయినా కాలు పట్టేస్తే మాత్రం ఆ పాదం ఎవరి గుంపు మనిషిదని చూసేవాళ్ళం కాదు.

ఇన్నేళ్ళ తర్వాత అదే పని మా మనవరాలి ఫోన్లో చూశాను.

రేపల్లెలో నేను, మా అబ్బాయి, కోడలు, మనవరాలు ఉంటాం. అబ్బాయి బస్సు డిపోలో గుమస్తా. మనవరాలు తొమ్మిదో తరగతి. ఊళ్ళో పిల్లలంతా క్రికెట్ అంటుంటే ఈ పిల్ల ఫుట్‌బాల్ అంది. సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన చేరి ఫోన్లో ఆటలు చూసేది. నాకేమో అంతమంది ఒక్క బంతి వెంట పడడం చూస్తే నవ్వొచ్చేది. ఒకరోజు ఫోను నా మొహం ముందు పెట్టింది.

"నాన్నమ్మా, ఇది చూడు."

ఎర్రచొక్కా వేసుకున్న పొడుగాటి మనిషి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని, కింద పడ్డవాడి పాదం పట్టుకుని వేళ్ళు వెనక్కి నొక్కుతున్నాడు. కింద పడ్డవాడి చొక్కా తెల్లది.

"అవతలి జట్టువాడు కదే?"

"అవతలివాడే. పిక్క పట్టేసింది."

చిక్కుడుకాయలు పక్కన పెట్టేశాను. అంత పేరున్న మనిషి, లోకమంతా చూస్తుండగా మా గట్టు మీద పని చేస్తున్నాడు. ఆ రోజు నుంచి నేను కూడా ఫుట్‌బాల్ మనిషినైపోయాను.

నేను చదివింది ఐదో తరగతి. వాళ్ళ పేర్లు నాకు నోరు తిరగవు. అందుకని నా పేర్లు నేను పెట్టుకున్నాను. ఈయన పొడుగాయన. ఇంకొకావిడ ఉంది, రెండు జడలేసుకుని ఆడుతుంది, ఆమె జడలావిడ. బిడ్డను కన్నాక మళ్ళీ వచ్చి ఆడిందట. ఆ బిడ్డను ఎత్తుకునే గ్రౌండులోకి వచ్చిన బొమ్మ చూసి నేను చప్పట్లు కొట్టాను. ఇంకొకడు ఉన్నాడు, ఎవరూ తాకకుండానే పడిపోయి దొర్లుతాడు. వాడు దొంగేడుపులవాడు. వాడు పడ్డప్పుడల్లా "లేవరా, నీకేం కాలేదు" అని నేను ఫోనుకి చెప్పేదాన్ని. మా కోడలు వంటింట్లో నవ్వేది. "అత్తయ్యా, వాళ్ళకి మీ మాట వినపడదు" అనేది. వినపడకపోతే పోనీ, నేను చెప్పాల్సింది చెప్పాను.

పొడుగాయన గురించి మనవరాలు ఇంకా చాలా చెప్పింది. పుట్టిన ఊళ్ళో పిల్లలకి బడి కట్టించాడట. ఓడిపోయిన రోజు కూడా అవతలివాళ్ళతో చెయ్యి కలిపి, చొక్కా మార్చుకుని గానీ లోపలికి పోడట. ఆట అయ్యాక ఇద్దరు ఆటగాళ్ళు ఒకరి చొక్కా ఒకరు తీసుకోవడం వాళ్ళలో అలవాటు, మనం పెళ్ళిళ్ళలో బట్టలు పెట్టుకున్నట్టు. అవతలివాడి పాదం పట్టుకున్న ఆయన బొమ్మను మనవరాలు ముందు గదిలో, చర్చివాళ్ళిచ్చిన కేలండరు పక్కన అంటించింది.

అది మా అబ్బాయికి నచ్చలేదు. "చేతుల నిండా పచ్చబొట్లు, వీడు మనింటి గోడ మీదా?" అన్నాడు.

"చేతులు కాదురా, ఆ చేతులతో ఏం చేస్తున్నాడో చూడు" అన్నాను.

"వీళ్ళు కొట్టుకుంటారమ్మా, ఉమ్ముకుంటారు, రిఫరీ మీద పడతారు. పేపర్లో రోజూ వస్తుంది."

అదీ నిజమే. కానీ బియ్యంలో రాయి ఉందని అన్నం మానం కదా, ఏరుకుంటాం. ఆ మాటే చెప్పాను. వాడు టిఫిన్ బాక్సు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం బాపట్లలో బడి జట్ల మధ్య పోటీలు పెట్టారు. బాగా ఆడినవాళ్ళను వేసవిలో జిల్లా క్యాంపుకి తీసుకుంటారని పీఈటీ సారు చెప్పాడు. మా మనవరాలి పేరు ఆయన మనసులో ఉంది. అయితే వాళ్ళ నాన్న సరే అనాలి. క్యాంపుకి వెళ్ళకపోతే మా ఊళ్ళో ఆడపిల్లకి ఆ ఆట అక్కడితో సరి. ఇంట్లో అందరికీ అది తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

చివరి ఆట తెనాలి జట్టుతో. నేను నగరం, కర్లపాలెం మీదుగా బస్సులో బాపట్ల వెళ్ళి, చీర కొంగు నెత్తిన కప్పుకుని గట్టుమీద కూర్చున్నాను. ఇటు గోలు లేదు, అటు గోలు లేదు. ఆట అయిపోవస్తోంది. బంతి మా పిల్ల కాలి దగ్గరుంది. ఎదురుగా గోలు కాసే పిల్ల ఒక్కతే. వెనక నుంచి తెనాలి పిల్ల ఒకతి తరుముకొస్తోంది. ఉన్నట్టుండి ఆ పిల్ల కేక పెట్టి, పిక్క పట్టుకుని పడిపోయింది.

మా పిల్ల వెనక్కి తిరిగి చూసింది. బంతిని గీత బయటికి తన్నేసింది. పరుగెత్తి వెళ్ళి ఆ పిల్ల పాదం ఒళ్ళో పెట్టుకుంది.

"ఏయ్, కొట్టవే! గోలు కొట్టవే!" అని మావాళ్ళంతా అరుపులు. పీఈటీ సారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అట్లా దెబ్బ తగిలినవాళ్ళ కోసం బంతిని బయటికి పంపిస్తే, అవతలి జట్టు ఆ బంతిని మళ్ళీ మనకే ఇచ్చెయ్యాలి. రూలు కాదు, మర్యాద. పెద్ద ఆటగాళ్ళంతా పాటిస్తారు. తెనాలి పిల్లలకి ఆ సంగతి తెలియదు. బంతి లోపలికి విసురుకుని, మావాళ్ళు ఇంకా చూస్తుండగానే వెళ్ళి గోలు కొట్టేశారు. దాంతోనే ఓడిపోయాం.

ఆట అయ్యాక పిక్క పట్టేసిన పిల్ల కుంటుకుంటూ మా పిల్ల దగ్గరికొచ్చింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. లోపల బనీన్లున్నాయి కదా, పైచొక్కాలు తీసి మార్చుకున్నారు. బస్సులో మా పిల్ల ఆ నీలంచొక్కా వేసుకుని, ఓడిపోయిన మొహం పెట్టకుండా కూర్చుంది.

"పొడుగాయన కూడా ఇట్లాగే చేస్తాడు నాన్నమ్మా" అంది.

మర్నాడు బడిలో చొక్కాలు తిరిగి తీసుకునేటప్పుడు బయటపడింది. మా పిల్ల ఇచ్చేసిన చొక్కా బడిది. ప్రతి ఏడూ కొత్త జట్టుకి అవే చొక్కాలు ఇస్తారు. ఎనిమిదో నంబరు చొక్కా తెనాలిలో ఉంది.

మా అబ్బాయికి కోపం రావడం నేను చాలా చూశాను గానీ, ఆ సాయంత్రం అరవలేదు. అరవనందుకే నాకు భయం వేసింది.

"ఫోన్లో కనపడేవాళ్ళకి కంపెనీలు కావాల్సినన్ని చొక్కాలిస్తాయి. నీకెవరిచ్చారమ్మా? గెలిచే ఆట బయటికి తన్నావు. నీది కాని చొక్కా దానం చేశావు. వాళ్ళను చూసి నేర్చుకుంది ఇదేనా?"

"ఒరేయ్, నేనక్కడే ఉన్నాను. ఆ పిల్ల నొప్పితో..."

"నువ్వు ఉండమ్మా. అది బావిలో దూకినా నువ్వు బాగా దూకిందనే అంటావు."

క్యాంపు ఊసెత్తొద్దన్నాడు. కోడలు నెమ్మదిగా అడిగితే, ముందు చొక్కా సారు చేతికి చేరాక చూద్దాం అన్నాడు. ఆ మాట నేను పట్టుకున్నాను.

పడుకోబోయే ముందు మనవరాలు గోడ మీది బొమ్మను తనే జాగ్రత్తగా తీసి మడిచి, తన బట్టల కింద పెట్టుకుంది.

"ఎందుకే?"

"నాన్న ఆయన్ని తిడుతుంటే వినలేకపోతున్నా నాన్నమ్మా. చొక్కా ఇచ్చింది నేను కదా."

శనివారం పొద్దున్నే నీలంచొక్కా ఉతికి సంచిలో పెట్టుకుని తెనాలి రైలెక్కాను. ఆ పిల్ల ఇల్లెక్కడో మాకు తెలియదు, ఫోన్ నంబరూ లేదు. వాళ్ళమ్మకి స్టేషన్ బయట ఇడ్లీబండి ఉందని మాత్రం మా పిల్లతో చెప్పిందట. వేమూరులో క్రాసింగ్ అని బండి ఆపేశారు. ఎదురుగా రేపల్లె వెళ్ళే బండి వచ్చి పక్కన నిలబడింది. మా బండి ఎంతకీ కదలదు. నేను విసుక్కుంటూ కూర్చున్నాను.

తెనాలి స్టేషన్ బయట బళ్ళు బారుగా ఉన్నాయి. మొదటి బండాయన్ని అడిగాను.

"ఫుట్‌బాల్ ఆడే పిల్ల వాళ్ళమ్మ బండి ఏది నాయనా?"

"ఆడుద్దో లేదో నాకు తెలవదు మామ్మగారూ. గోడకి బంతి తన్ని నా చట్నీ గిన్నె పడేసిన పిల్ల అయితే, అదిగో, ఆ చివర బండి."

ఆ చివర బండి దగ్గర ఒకామె ఇడ్లీరేకులు దించుతోంది. నేను సంచిలోంచి నీలంచొక్కా తీశాను. ఆమె చేతిలో గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో పిన్నిగారండీ! మా ఆయన ఇందాకే మీ ఊరు బయల్దేరారండి, మీ చొక్కా పట్టుకుని!"

"ఏ బండికి?"

"పొద్దుటి బండికండి. వాళ్ళ నాన్నగారు బస్సు డిపోలో చేస్తారని మీ పాప మా పిల్లతో చెప్పిందటండి, అక్కడికే వెళ్తానన్నారు."

వేమూరులో నా పక్కన నిలబడ్డ బండి అదే! మా చొక్కా అటు, వాళ్ళ చొక్కా ఇటు, కిటికీ పక్కన కిటికీ ఆగి వెళ్ళిపోయాం. ఇద్దరం బండిచక్రం పట్టుకుని నవ్వాం.

నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, వద్దంటున్నా పళ్ళెంలో ఇడ్లీలు పెట్టింది. "గెలిచొచ్చిన పిల్ల ఏడుస్తుందేంటా అనుకున్నానండి. 'మావాళ్ళు కొట్టింది గోలు కాదమ్మా, ఆ అమ్మాయి నా కాలు పట్టుకుని ఉంటే కొట్టారు' అంది. మీ చొక్కా బడిదని వెనక రాసుంది కదండి, చూసి భయమేసింది. పాడవకుండా శుభ్రంగా ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయించా."

"ఆ చొక్కాకి గంజి పెట్టావా అమ్మాయ్?"

"పెట్టకూడదాండీ?"

ఆమె ఫోన్ తీసుకుని మా అబ్బాయికి చేశాను. వాడు డిపోలోనే ఉన్నాడు. "ఆయన నా ఎదురుగానే కూర్చున్నాడమ్మా" అన్నాడు. "ఇంటికి భోజనానికి తీసుకెళ్తున్నా."

ఆ భోజనం దగ్గర జరిగింది మా కోడలు చెప్పింది. చేపల పులుసు వడ్డిస్తుంటే ఆయన తినడం ఆపి అన్నాడట.

"మీ పిల్ల మా పిల్ల పాదం ఒళ్ళో పెట్టుకుందండి. నేను చూశాను, ఆ పక్కనే ఉన్నాను. గెలిచే బంతిని వదిలేసి వచ్చింది. ఆ గోలు మాది కాదండి, ఈ మాట మీకు చెప్పాలనే నేనొచ్చాను. చొక్కా అయితే బస్సులో ఎవరికన్నా ఇచ్చి పంపేవాణ్ణి. మీ పెంపకం మంచిదండి."

మా అబ్బాయి పులుసు గిన్నె ఆయన వైపు జరిపాడట. "నాది కాదండి. మా అమ్మ చెప్తే నేను నమ్మలేదు. ఫోన్లో ఎవరో పొడుగాయన ఉన్నాడు, ఆయన్ని చూసి నేర్చుకుంది" అన్నాడట.

నేను సాయంత్రం బండికి వచ్చేసరికి చొక్కా సారుకి చేరిపోయింది. గంజికి అట్టలా నిలబడ్డ చొక్కాను చూసి సారు "దీనికి మనిషి కూడా అక్కర్లేదు, ఇదే ఆడుద్ది" అన్నాడట. మనవరాలి పేరు క్యాంపుకి పంపమని మా అబ్బాయే వెళ్ళి చెప్పి వచ్చాడు. ముందు గదిలో కేలండరు పక్కన పొడుగాయన మళ్ళీ ఉన్నాడు. కొంచెం వంకరగా, ఇదివరకటికన్నా ఎత్తుగా. అంత ఎత్తు మా ఇంట్లో ఒక్కరికే అందుతుంది. కోడలు నాకు కళ్ళతో చూపించింది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారిని మా ఇంటి తరఫున కృతజ్ఞత ప్రార్థన చెయ్యమన్నాను. ఎందుకమ్మా అంటే, తెనాలిలో ఇడ్లీబండి ఆమె కోసం, ఆమె భర్త కోసం, ఇంకా ఫుట్‌బాల్ ఆడే ఒకాయన కోసం అన్నాను.

"ఆయనది ఏ ఊరమ్మా?"

"దూరమండి. ఆయనకి మేం తెలియదు. మాకే ఆయన తెలుసు."

అయ్యగారు నవ్వి, అట్లాగే చేశాడు. ఎదురైతే ఆ పొడుగాయనకి చెప్పాలని నాకు ఎన్నో మాటలున్నాయి. ఆయన ఎదురు కాడు. దేవుడి ద్వారా పంపించాను, అంతే.

వేసవిలో బాపట్ల క్యాంపు నుంచి మనవరాలు మొదటిసారి ఇంటికొచ్చిన రోజు, అన్నం తింటూ తింటూ అమ్మా అని కేక పెట్టింది. పిక్క పట్టేసింది. నేను లేచేలోపే మా అబ్బాయి పళ్ళెం పక్కకి జరిపి, నేల మీద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎడమ చేత్తో బొటనవేలు పట్టుకుని లాగుతున్నాడు.

"లాగకూడదు నాన్నా! మడమ పట్టుకుని వేళ్ళు వెనక్కి నొక్కాలి."

"నీకు తెలుసులేవే. ఇట్లానా?"

"ఇంకొంచెం."

"ఇట్లానా?"

"ఆఁ, అట్లా. వదలకు, అట్లాగే పట్టుకో."