సోమవారం నీళ్ళు

ఆమెను అందరూ సీసాలక్క అనేవారు. స్వదేశంలో కాలుష్యం కొలిచే ఆఫీసు ల్యాబ్‌లో పదకొండేళ్ళు పనిచేసి, నలభై దాటాక పర్యావరణ విధానం చదవడానికి విదేశం వచ్చింది. గదిలో తోడున్న అమ్మాయి ఆమెకంటే పదహారేళ్ళు చిన్నది. ఫ్రిజ్‌లో పాలు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. పై అరంతా నది నీళ్ళ సీసాలే. ఓసారి అమ్మాయి నిద్రకళ్ళతో ఒకటి తీసి తాగబోయింది.

"తాగవే, నా థీసిస్‌లో నీ గురించి కూడా రాస్తాను," అంటూ సీసాలక్క లాక్కుంది.

నదికి ఎగువన బట్టలకు రంగులద్దే ఫ్యాక్టరీ ఉంది. శుద్ధి చేయని మురుగు నదిలోకి వదలకూడదని ఆ ఊళ్ళో కొత్త నిబంధన వచ్చింది. అది పనిచేస్తోందా లేదా అన్నదే ఆమె థీసిస్. ఏడాదిపాటు ప్రతి సోమవారం పొద్దున్నే వంతెన కింద సీసాలు నింపింది. సోమవారం క్లాసులుండవు మరి. మంచు పడినా, జ్వరమొచ్చినా మానలేదు. అంకెలు ముచ్చటగా వచ్చాయి. నది బాగుపడింది. ప్రొఫెసర్ పొంగిపోయారు.

ఇంక ఎనిమిది రోజుల్లో థీసిస్ ఇవ్వాలనగా, ఒక గురువారం బస్సు తప్పిపోయి ఆమె వంతెన మీదుగా నడిచి వచ్చింది. కింద నీళ్ళు నేరేడుపండు రంగులో పారుతున్నాయి. తిన్నగా ఫ్యాక్టరీ గేటుకెళ్ళి కాపలాదారును అడిగింది. శని, ఆదివారాలు సెలవనీ, రంగు తొట్లు కడిగిన నీళ్ళు నదిలోకి వదిలేది వారం మధ్యలోననీ అతను దాచకుండా చెప్పాడు.

ఆ సాయంత్రం కోటైనా విప్పకుండా మంచం మీద కూర్చుంది. మళ్ళీ కొలవాలంటే గడువు దాటుతుంది, దాటితే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. డిగ్రీ లేకుండా తిరిగి వెళ్ళాల్సి రావచ్చు. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరడుగుతారక్కా? సోమవారం కొలిచావు, సోమవారం వచ్చింది రాశావు. అబద్ధం ఎక్కడుంది?"

"నీళ్ళు అబద్ధమాడలేదే పిల్లా. సెలవు మర్నాడు చూసుకుని వెళ్ళి అడిగింది నేను. పదకొండేళ్ళు ఇదే పని చేసినదాన్ని, ఈ సంగతి తట్టొద్దూ నాకు?"

మర్నాడు ప్రొఫెసర్‌కి చెప్పేసింది. ఆయన ఇకమీదట ఏ రోజుల్లో వెళ్తావని మాత్రం అడిగారట. వారాల పేర్లు చీటీల మీద రాసి, ఏది వస్తే ఆ రోజు వెళ్తానంది. ఆయన తంటాలు పడి ఒక్క టర్మ్ గడువు సంపాదించారు. స్కాలర్‌షిప్ పోయింది. ల్యాబ్‌లో గాజుసామాను కడుగుతూ ఆమె ఆ నెలలు నెట్టుకొచ్చింది. ప్రతి సోమవారం చీటీ తీసే పని అమ్మాయిది. వాన పడుతుందన్న రోజు వచ్చిందని ఇంకోటి తీయబోతే చేతి మీద చిన్న దెబ్బ పడేది.

పాత సోమవారాల అంకెల్ని ఆమె తీసేయలేదు. మొదటి అధ్యాయంలోనే పెట్టి, తానెలా పొరబడిందో రాసింది. డిగ్రీ వచ్చింది. ఆ థీసిస్ చూసి, తనిఖీ ఏ రోజో ముందుగా ఎవరికీ తెలియకూడదని ఊరి కౌన్సిల్ నిబంధనలో ఒక వాక్యం చేర్చింది. ఆ ఒక్క వాక్యాన్నీ సీసాలక్క గదిలో రెండుసార్లు పైకి చదువుకుంది.

సీసాలక్క చనిపోయి మూడేళ్ళయింది. అమ్మాయి ఇప్పుడు ఆ నదిని తనిఖీ చేసే ఆఫీసులోనే పనిచేస్తోంది. సొరుగులోని రేకుడబ్బాలో ఆమె చేతిరాతతో ఏడు చీటీలున్నాయి. మొన్న సోమవారం పొద్దున హోరున వాన. తీస్తే సోమవారమే వచ్చింది. చేయి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళబోయి ఆగింది. అమ్మాయి డబ్బా మూసి, సీసాలు సంచిలో సర్దుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుంది.