ఎవరు చూస్తే?

ఫిజిక్స్ మాస్టారిని ఎవరేమడిగినా తిరుగు ప్రశ్న ఒక్కటే: "ఎవరు చూస్తే?" ఈ రెండు మాటలతో ఆయన పదకొండేళ్లుగా పెద్ద మేడమ్ ప్రాణం తోడేస్తున్నాడు. స్కూలు మొత్తాన్ని కంటిచూపుతో నడిపే హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ. ఈయనొక్కడి దగ్గరే తల పట్టుకునేది.

ఆలస్యమైందేమండీ అంటే, ఎవరు చూస్తే అనేవాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నారంటే, లోపల్నుంచి చూస్తే సరిగ్గానే ఉంది మేడమ్ అనేవాడు. ఒకసారి బస్సు తప్పిపోతే, 'బస్సు చూస్తే నేనే దాన్ని వదిలి వెనక్కి వెళ్లిపోయాను' అని సెలవు చీటీ రాశాడు. ఇంట్లో భోజనం చల్లారిపోతోందన్నా ఇదే పాట. వాళ్లావిడ మాత్రం తక్కువ తిందా? కంచం లోపల పెట్టేసి, ఇప్పుడు ఎవరు చూసినా ఖాళీయే అందట.

సాపేక్షత పాఠం చెప్పిన మర్నాడు, స్లిప్ టెస్టులో సున్నా వచ్చినవాడొకడు లేచి, నేను చూస్తే వంద మాస్టారూ అన్నాడు.

"కాంతి వేగం ఎవరు చూసినా ఒకటేరా. నీ సున్నా కూడా అంతే."

అసలు గొడవ ఫిజిక్స్ పరీక్ష రోజు వచ్చింది. కాపలా ఉన్న లెక్కల మాస్టారు ఒక అమ్మాయిని పెద్ద మేడమ్ గదికి పట్టుకొచ్చాడు. కుడిచేత్తో రాస్తూ గంటసేపు ఎడమచెయ్యి ఊపుతూనే ఉందట. వెనక బెంచీకి జవాబులు సైగ చేస్తోందని ఫిర్యాదు. మేడమ్ సంతకం పెడితే పిల్ల ఏడాది మట్టిపాలే. ఏమడిగినా ఒకటే ఏడుపు.

కబురు తెలిసి ఫిజిక్స్ మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. జవాబులు అందించిందండీ అని మేడమ్ అన్నదో లేదో, "ఎవరు చూస్తే?" అన్నాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఆయన బల్ల మీదున్న పిల్ల జవాబు కాగితం తిరగేసి ఆవిడ ముందు పెట్టాడు. కదిలే గడియారం నెమ్మదిస్తుందని రాసి, కింద చిన్న అక్షరాలతో ఇంకో ముక్క చేర్చింది: 'నా వాచీ ఊపుతున్నాను కాబట్టి నాకు పావుగంట ఎక్కువ ఉంటుంది.'

మేడమ్ పిల్ల ఎడమచేతికేసి చూసింది. వాచీ ఉంది.

"లెక్కల మాస్టారు చూస్తే సైగ. ఈ పిల్ల చూస్తే, పాఠం నమ్మి చేసిన ప్రయోగం," అన్నాడు మాస్టారు. "మొన్న క్లాసులో అడిగింది, వాచీ ఊపితే నెమ్మదిస్తుందా అని. ఎవరు చూస్తే అని నేను సాగదీస్తుంటే బెల్లు కొట్టేశారు. తప్పు నా మీద రాయండి మేడమ్." పిల్లవైపు తిరిగాడు. "చేతి ఊపుకొచ్చే తేడా ఈ వాచీకి అందదమ్మా. అందినా నెమ్మదించేది నీ వాచీయే, హాల్లో గడియారం కాదు."

పదకొండేళ్ల విసుగు పెద్ద మేడమ్‌కి ఆ క్షణాన ఎటు పోయిందో తెలియలేదు. ఫిర్యాదు కాగితం మడిచి సొరుగులో పడేసింది. ఏడుపుతో పోయిన పావుగంట అదనంగా ఇస్తున్నాను, ముఖం కడుక్కుని వెళ్లి రాసుకో అంది.

పిల్ల గుమ్మం దాకా వెళ్లి, ముక్కు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.

"అయితే ఊపితే పావుగంట పెరిగినట్టేగా మాస్టారూ?"

ఆయన నోరు తెరిచేలోపే పెద్ద మేడమ్ అందుకుంది.

"ఎవరు చూస్తే?"