గడ్డి కింద వేడి

నా చిన్నప్పుడు నేను చెప్పిన మాటకు పెద్దవాళ్ళంతా నవ్విన రోజు ఒకటుంది. నవ్వినవాళ్ళలో ఇప్పుడెవరూ లేరు. నేను మాత్రం మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది. నూజివీడులో మాది మామిడి వ్యాపారం. రెడ్డిగూడెం తోటల నుంచి బళ్ళ మీద పచ్చికాయ వచ్చేది. పెరట్లో బావి దగ్గర సొన కడిగి, ఆరబెట్టి, వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగవేసేవాళ్ళు. మాగే కాయ వెచ్చబడుతుంది. మా తాతయ్య గడ్డిలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, ఆ వెచ్చదనాన్ని బట్టి ఏ కుప్ప ఎప్పుడు తియ్యాలో చెప్పేవారు. ఆయన చెయ్యి తప్పు చెప్పదని ఊళ్ళో అనేవారు. ఆయనా అలాగే అనుకునేవారు.

ఆ ఏడే మా ఇంటికి కరెంటు వచ్చింది. నీళ్ళు తోడే మనుషులు దొరకడం లేదని తాతయ్య బావికి మోటారు పెట్టించారు. స్విచ్చు ముందు వసారాలో, బావి వెనక పెరట్లో, నడుమ మాగవేసే గది. కరెంటు పనిచేసే అతను వచ్చి, దీనికి లావుపాటి రబ్బరు వైరు కావాలనీ, గోడకు ఎత్తుగా చెక్క పట్టీలు కొట్టి దాని మీదుగా తీసుకెళ్ళాలనీ చెప్పాడు. అది బెజవాడ నుంచి రావాలి. కాయల బళ్ళు అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాయి. ఇంట్లోనేమో దీపానికి వేయగా మిగిలిన వైరు చుట్ట ఉంది. నూలు తొడుగేసి, రెండు పాయలు కలిపి పేనిన సన్నటి వైరు.

"అది వేలాడే దీపానికేసే వైరండీ. మోటారు లాగే కరెంటుకి కాగిపోద్ది," అన్నాడతను.

"దీపానికో కరెంటు, మోటారుకో కరెంటా? రెండూ ఆ స్తంభం మీంచేగా వచ్చేది!" అన్నారు తాతయ్య.

అతను ఆ పని తను చెయ్యనని వెళ్ళిపోయాడు. తాతయ్య పాలేరు చేత ఆ సన్న వైరే కలిపించారు. బుట్టలు మోసేవాళ్ళ కాళ్ళకు అడ్డం పడుతోందని గది గోడవారన నేల మీద పరిపించి, పైన మందంగా గడ్డి కప్పించారు.

మా చెల్లెలికి అప్పటికి ఏడాది నిండలేదు. దాని ఉయ్యాల ఆ గది గుమ్మానికి ఇవతలే దూలానికి వేలాడేది. ఊపే పని నాది. మర్నాడు మధ్యాహ్నం మోటారు ఆగకుండా మూలుగుతోంది. ఉయ్యాల ఊపుతుంటే గదిలోంచి ఏదో వాసన వచ్చింది. మాగే రసాల వాసన నాకు తెలుసు. ఇది ఎండలో వదిలేసిన సైకిలు ట్యూబు వాసన. వెళ్ళి తాతయ్యతో చెప్పాను. ఆయన లోపలికి వెళ్ళి, గడ్డిలో చెయ్యి పెట్టి, తృప్తిగా తలాడిస్తూ బయటికొచ్చారు.

"గడ్డి వేడెక్కిందంటే కాయ మాగుతున్నట్టే. దీనికి పొద్దస్తమానం ఏదో ఒక ఫిర్యాదు. నిన్న పాలల్లో మీగడ లేదంది, ఇవాళ నా గదిలో కంపంట!"

బేరానికొచ్చినవాళ్ళంతా పకపకా నవ్వారు. మీగడ నిజంగానే లేదు.

ఏడుపు దిగమింగుకుని వంటింట్లోకి వెళ్ళి మా పెద్దమ్మతో చెప్పాను. పెదనాన్నగారి భార్య, నోరు గల మనిషి. తాతయ్యకు ఎదురు చెప్పగలిగింది ఆవిడొక్కతే. వచ్చి గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. కుప్ప నడుమ ఒకసారి, గోడవారన ఒకసారి గడ్డిలో చెయ్యి పెట్టి చూసింది. రెండోసారి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. వసారాలోకి నడిచి స్విచ్చు ఆపింది. మోటారు మూలుగు ఆగిపోయి ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నిద్రలో ఉన్న చెల్లెల్ని తీసి నా చేతుల్లో పెట్టి, వీధిలోకి పొమ్మంది. నేను వెళ్ళలేదు. పెద్దమ్మ తాతయ్యను గదిలోకి పిలిచింది.

"మావయ్యగారూ, ఒక్కసారి ఈ మూల చెయ్యి పెట్టి చెప్పండి. ఇక్కడి కాయ మాగి ఎప్పటికి దిగుద్ది?"

తాతయ్య వంగి చెయ్యి పెట్టారు. "అబ్బో, అన్నిటికన్నా ముందు ఇదే దిగుద్దమ్మా. రేప్పొద్దున్నే బుట్టలకెత్తించు."

పెద్దమ్మ గడ్డి తొలగించింది. కింద ఒక్క కాయ లేదు. వట్టి నేల, దాని మీద ఆ వైరు. నూలు తొడుగు మాడి, లోపలి రబ్బరు పాకంలా సాగి గడ్డిపోచలకు అంటుకుపోయింది. ఒకచోట రాగి బయటపడింది. దాని చుట్టూ గడ్డి కొసలు నల్లబడి ఉన్నాయి. తాతయ్య ఖాళీ ఉయ్యాల వంక చూసి, తర్వాత తన అరచేతి వంక చూసుకున్నారు.

లావు వైరు వచ్చేదాకా నీళ్ళు చేదతోనే తోడారు. ఆ కరెంటు మనిషినే మళ్ళీ పిలిపించారు. సన్న వైరులో ఎక్కువ కరెంటు పారితే కాగుతుందనీ, గాలి తగిలితే కొంతైనా చల్లారేదనీ, గడ్డి కప్పేసరికి ఆ వేడికి పోయే దారి లేకపోయిందనీ అతను చెప్పాడు. కోడలు ఇల్లు కాపాడిందని తాతయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. నిజమే, కాపాడింది. వాసన ముందు పట్టిందెవరని ఒక్కరూ అడగలేదు. ఆయన పోయేదాకా నాతో ఆ ఊసే ఎత్తలేదు.

వైరు కన్నా ఆయన తృప్తే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. ఆ చేతికి వేడి తగిలింది. కారణం ముందే తెలుసనుకున్నారు కాబట్టి వెతకలేదు.

పోయినేడు మా అబ్బాయి పడగ్గదిలో ఏసీ పెట్టించి, టేబుల్ ఫ్యాను తిరిగే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకి తగిలించాడు. కనబడకుండా పరుపు వెనక నుంచి తీశాడు. పరుపు జరిపించి వైరు తొడుగు మీద మునివేళ్ళు ఆనించాను. వెచ్చగా ఉంది.

"ఎండాకాలం కదమ్మా, అన్నీ వేడిగానే ఉంటాయి," అన్నాడు.

నేను స్విచ్చు ఆపేసి, లావు వైరుతో మనిషి వచ్చేదాకా దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముసలిదానికి చాదస్తమని ఇంట్లో అందరూ అన్నారు. ఎవరెవరన్నారో నాకు గుర్తుంది. అన్నవాళ్ళంతా ఆ రాత్రి ఆ గదిలోనే హాయిగా నిద్రపోయారు.