నేను తెచ్చిపెట్టుకున్న గోధుమ రోగం

గుప్పెడు మెతుకుల కోసం ఆరున్నర అడుగుల మనిషిని తుపాకుల ముందు నిలబెట్టిన ఘనుడు మీ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా? లేకపోతే నన్ను చూసుకోండి. పేరు బాషా, ఊరు రాయచోటి. ఇప్పుడంటే పొట్ట, బట్టతల, నలుగురిలో మర్యాద అన్నీ ఉన్నాయి గానీ, ఈ ఘోరం జరిగిననాటికి నాకున్నది ఆకలి ఒక్కటే. అదీ మామూలు ఆకలి కాదు, బువ్వ ఆకలి. ఈ రెండిటికీ తేడా తెలియనివాళ్ళు ఇక్కడే ఆగిపోయి వేరే ఏదైనా చదువుకోవచ్చు, నేనేమీ అనుకోను.

ఇరాకోళ్ళు కువైట్‌లో దిగిన ఏడు. మంగఫ్‌లో మా కంపెనీ క్యాంపు. మమ్మల్ని పనికి తెచ్చుకున్న అరబ్బు యజమాని, మా కఫీల్, మొదటి రోజే సౌదీకి జారుకున్నాడు. మేనేజరు ఎటు పోయినాడో ఆయన చెప్పులకు కూడా తెలియదు, అవి గుమ్మం దగ్గరే ఉన్నాయి. మిగిలింది మేం డజను మంది కడప జిల్లావాళ్ళం, మా వంటమనిషి సుబ్బన్న. జోర్డాన్‌లోని అమ్మాన్ పోయే బస్సుకు పేర్లిచ్చి, రేపో ఎల్లుండో అనుకుంటూ కూచున్నాం.

మాతోపాటు ఇంకొకాయన కూడా ఉన్నాడు. డెన్మార్క్ దేశపు ఇంజనీరు, పైపుల పని చూసేవాడు. అసలు పేరు నీల్స్, క్యాంపులో అందరికీ నీలయ్య. ఇరాకోళ్ళు తెల్లోళ్ళను పట్టుకుపోతున్నారని తెలిసి ఒక పొద్దున తన బంగళా వదిలేసి మా మెస్సుకొచ్చి నిలబడ్డాడు. ఎండకు టమోటా పండులా ఉన్నాడు. సుబ్బన్న ఆయన్ను కిందికీ పైకీ చూసి, "ఈ సరుగుడు మానును యాడ దాచేదిరా నాయనా?" అన్నాడు గానీ, అప్పటికే సామాన్ల గది తలుపు తీస్తున్నాడు.

దాచడం సరే, ఆ జుట్టో? మొక్కజొన్న పీచులాంటి జుట్టు, గడ్డం. మా అమ్మ పంపిన గోరింటాకు పొడి నా పెట్టెలో ఉంటే తీసి తలకీ గడ్డానికీ పట్టించాం. కడిగి చూస్తే నీలయ్య అచ్చం హజ్ చేసి వచ్చిన పఠాన్ తాతలా తయారైనాడు. లుంగీ కట్టించినాం. అది ఆయన మోకాళ్ళు దాటి రానని మొండికేసింది.

ఇక అసలు సంగతి. సాయంత్రం సుబ్బన్న అందర్నీ కూచోబెట్టి చెప్పినాడు.

"ఇనండ్రా. నీలయ్యకు గోధుమ పడదంట. గోధుమలో గ్లూటెన్ అని ఒక బంక ఉంటాదంట, అది ఈయన పేగులకు ఇసం. తుంట రొట్టె తిన్నా పడిపోతాడు. పడిపోతే దావఖానాకు తీసకపోలేం, బయట కనపడితే పట్టుకపోతారు. మన దగ్గర ఉండేది ఒకటే బియ్యం మూట. అది ఈయనది. మనకు బేకరీలో ఖుబూస్ దొరుకుతాండాది, పప్పు ఉండాది. మనం రొట్టె, ఆయన బువ్వ. ఖలాస్."

అందరూ ఒప్పుకున్నారు. నేను కూడా అందరికంటే గట్టిగా తల ఊపినాను. అది మొదటి రోజు.

మూడో రోజుకు నా పరిస్థితి మీకెట్లా చెప్పేది? సంగటి ముద్ద, బువ్వ తప్ప మూడోది ఎరగని కడుపు నాది. ఖుబూస్ ఎన్ని తిన్నా గోడకు సున్నం వేసినట్టు ఉండేదే గానీ, తిన్నట్టు ఉండేది కాదు. అటు సామాన్ల గదిలోంచి ఉడికిన అన్నం ఆవిరి వచ్చి నా ముక్కు పట్టుకుని లాగేది. ఆ మధ్యాహ్నం ఏ షైతాన్ నా నాలుక మీద కూచున్నాడో, పొట్ట పట్టుకుని ముందుకు వంగినాను.

"అబ్బా! సుబ్బన్నా, నాకూ అదే రోగం!"

"ఏ రోగంరా?"

"నీలయ్యకు ఉండేది. గోధుమ పడ్ల్యా."

"మొన్న నీ వాటా అయినాక నా వాటా కూడా మింగితివి కదరా!"

"అందుకే కదన్నా, ఇప్పుడు బయటపడింది."

సుబ్బన్న నమ్మలేదు. సుబ్బన్న తన నీడను కూడా సాక్ష్యం లేకుండా నమ్మేరకం కాదు. కానీ నీలయ్య నమ్మినాడు. సామాన్ల గదిలోంచి లుంగీ పట్టుకుని పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు. వచ్చీరాని హిందీలో అన్నాడు: "బాషా భాయ్, నన్ను కూడా చిన్నప్పుడు ఎవరూ నమ్మలేదు. వేషాలు వేస్తున్నానన్నారు. నువ్వు భయపడొద్దు. నా అన్నంలో సగం నీది."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా అంటారు మీరు. మీరు చెప్పేవాళ్ళే. మీ ముందు అన్నం తట్ట లేదు కాబట్టి.

మొదటి పూట స్వర్గం. రెండో పూట నుంచి మొదలైంది నా చదువు. నీలయ్య నా గురువు. నాకు వేరే తట్ట, వేరే గంటె. రొట్టె తుంచిన చేత్తో ఎవరూ నన్ను తాకకూడదు. బేకరీ వరుసలోకి నన్ను పంపకూడదు, పిండి గాలిలో ఎగురుతుంది. పప్పు గరిటె ఖుబూస్‌కు తగిలింది కాబట్టి పప్పు బంద్. పొద్దున లేవగానే నాలుక చాపించి చూసి, "కొంచెం బాగుపడినావు" అనేవాడు. బాగుపడడానికి అక్కడ ఏముంది? ఉప్పు, అన్నం, నీళ్ళు. మూట ఒకటే, తినేవాళ్ళం ఇద్దరం, కాబట్టి అన్నం కూడా చిన్న పిల్లల గుజ్జనగూళ్ళంత అయింది. దానిలో కూడా పెద్ద సగం నా వైపు తోసేవాడు నీలయ్య. "నీకు రోగం కొత్త, నాకు పాత," అనేవాడు. ఆయన చెంపలు లోపలికి పోతున్నాయి. మూట ఒంగిపోతోంది. నేను తలొంచుకుని తింటున్నాను. తలొంచుకుంటే సిగ్గు కనపడదు, అన్నం కనపడుతుంది.

ఇటు సుబ్బన్న నా మీద పగబట్టినాడు. ఎక్కడో మూసిన కొట్టువాడితో మాట్లాడి అర మూట గోధుమపిండి సంపాదించినాడు. అంతవరకు రొట్టెల్లో ఆయన చేతికి ఖుబూస్ వేడి చేయడం తప్ప ఏదీ రాదనుకున్నాం. పొద్దున పొరలు పొరలుగా పరోటాలు. మధ్యాహ్నం పూరీలు. శుక్రవారం, దేవుడా, ఓళిగలు, అవే బొబ్బట్లు! నెయ్యి వాసనతో సహా! ఒకటి తీసుకుని నా ముందే మడిచి, "పాపం బాషాకు పడదు కదా," అని నోట్లో వేసుకునేవాడు.

"రొంత వాసన చూస్తా అన్నా."

"వద్దు నాయనా, వాసనకే పేగులు ఊడిపోతాయంట. నీలయ్యా, అంతే కదా?"

నీలయ్య గంభీరంగా తల ఊపేవాడు.

అన్నం కోసం అబద్ధమాడినవాడికి కలలో ఖుబూస్ వస్తుందని ఎవరైనా అనుకుంటారా? నాకొచ్చేది. గుండ్రంగా, పొంగి, పున్నమి చంద్రుడిలాగా.

అట్లాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇరాకోళ్ళ జీపు వచ్చి ఆగింది. ఒక ఆఫీసరు, ఇద్దరు సిపాయిలు. నీలయ్య సామాన్ల గదిలోకి దూరి తలుపు ఓరగా వేసుకున్నాడు. వాళ్ళు మంచాల కింద చూసినారు, పెట్టెలు చూసినారు. సామాన్ల గది వైపు ఆఫీసరు తల తిప్పగానే సుబ్బన్న చాయ్ గ్లాసులతో అడ్డం పడినాడు. ఆఫీసరుకు కాళ్ళు నొప్పులేమో, కూచున్నాడు. సిపాయి సంచిలోంచి వాళ్ళ రొట్టెలు తీసినాడు. సమూన్ అంటారు, పడవ ఆకారంలో ఉంటుంది, పైన ఎర్రగా కాలి, లోపల దూదిలాగా. ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆఫీసరు అందరికీ ఒక్కో ముక్క పంచినాడు. అందరూ తిన్నారు. నా చేతిలో ముక్క నా చేతిలోనే ఉంది.

"శిను హాదా?" అన్నాడు ఆఫీసరు. ఇదేంది, ఎందుకు తినవు అని.

"మరీద్, సర్. రోగం. గోధుమ పడదు."

ఆయన మొహం మారిపోయింది. "ఇందులో ఏముందని తినవు? నా రొట్టె తినవా? చాయ్‌లో మీరేమన్నా కలిపినారా?" చేయి నడుము దగ్గరి తుపాకీ మీదికి పోయింది.

సుబ్బన్న పళ్ళ మధ్య నుంచి అన్నాడు, "తినరా నాయాలా. మా ప్రాణాలు తీస్తావా?"

తిన్నాను. అయ్యా, తిన్నాను! ఎన్నాళ్ళకు! నోట్లో పెట్టగానే కళ్ళు మూసుకుపోయినాయి. నా కంట్లోంచి నీళ్ళు కారినాయి. అవి ఆనందబాష్పాలని నాకు తెలుసు. తలుపు సందులోంచి చూస్తున్న నీలయ్యకేం తెలుసు? బాషా భాయ్ చేత తుపాకీ చూపించి విషం తినిపిస్తున్నారు, బాషా భాయ్ ఏడుస్తున్నాడు. ఆయనకు కనపడింది అంతే.

తలుపు దబ్బుమని తెరుచుకుంది. ఎర్ర గడ్డంతో, మోకాళ్ళ లుంగీతో ఆరున్నర అడుగుల నీలయ్య వచ్చి నన్ను గోతంలా ఎత్తి, తలకిందులు చేసి, వీపు మీద నాలుగు గుద్ది, నోట్లో వేలు పెట్టినాడు. రొట్టె లాగుతున్నాడు. నేను? ఇదిగో, ఇది రాయడానికి ఇప్పటికీ చేయి రావడం లేదు. రొట్టె వదలకుండా వేలు కొరికినాను.

సిపాయిలు తుపాకులు ఎత్తినారు. 

"ఎవరితను?" అన్నాడు ఆఫీసరు. "హిందియా?"

"పఠాన్, సర్," అన్నాడు సుబ్బన్న. "పాత్రలు కడుగుతాడు. ఎండకు తల తిరిగింది."

ఆఫీసరు నీలయ్య ముందుకు వచ్చి నిలబడినాడు. "నువ్వు చెప్పు. మాట్లాడు."

నీలయ్య నన్ను కిందికి దించినాడు. ఆయనకు వచ్చిన తెలుగు, రోజూ సామాన్ల గదిలో కూచుని గోడ అవతల నుంచి విన్న తెలుగు ఒకటే. అది సుబ్బన్న తెలుగు. గుండెలనిండా గాలి పీల్చి గర్జించినాడు:

"యల్లా! తట్టలు కడగండ్రా సోంబేరి నాయాళ్ళారా!"

అలవాటు కొద్దీ మేమందరం తట్టలు తీసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తినాం.

ఆఫీసరు నవ్వలేదు గానీ చేయి నడుము మీంచి తీసినాడు. ఈ లేబర్ క్యాంపుల్లో ఇట్లాంటి కేకలు ఎన్ని విన్నాడో. సుబ్బన్న నా కాలు తొక్కి, "పడు!" అన్నాడు. పడినాను. మీరు నాటకాల్లో చావు చూసి ఉంటారు, ఇది దాని తాత. గిలగిలా కొట్టుకున్నాను, కళ్ళు తేలేసినాను, మూతి మీద మిగిలిన రొట్టె తునకలు మాత్రం మధ్యలో నాలుకతో తుడుచుకున్నాను. ఆఫీసరు బెదిరిపోయినాడు. "వల్లా, నాకు తెలియదు, నిజంగా రోగమని తెలియదు," అంటూ జీపులోంచి అర మూట బియ్యం దింపించి, వెనక్కి చూడకుండా పోయినాడు.

ఆ బియ్యంతో నీలయ్య బస్సు వచ్చేదాకా నిలబడినాడు. గోరింటాకు గడ్డంతోనే మా మధ్య కూచుని సరిహద్దు దాటినాడు, ఆ కథ ఇంకోటి. నేను నిజం చెప్పనేలేదు. నా కోసం తుపాకుల ముందుకొచ్చిన మనిషికి ఏ మొహంతో చెప్పేది?

యుద్ధం అయినాక నేను మళ్ళీ కువైట్ పోయినాను, ఫోర్‌మన్ అయినాను. ఏళ్ళు గడిచినాక నీలయ్య టికెట్ పంపి డెన్మార్క్ పిలిచినాడు. పోయినాను. అయ్యా, ఆ దేశంలో ప్రతి వీధి మొదట్లో బేకరీ, ప్రతి వీధి చివర్లో బేకరీ. దాల్చినచెక్క వేసిన వెచ్చని రొట్టెల వాసన రైలెక్కితే రైల్లో, పడవెక్కితే పడవలో. ప్రతి హోటల్లో నీలయ్య నాకంటే ముందు గొంతెత్తేవాడు: "మా ఇద్దరికీ గోధుమ పడదు! రై ధాన్యం పడదు! బార్లీ పడదు!" సర్వర్లు మహారాజుకు వంగినట్టు వంగి ఉడికిన ఆలుగడ్డ, చేప తెచ్చిపెట్టేవాళ్ళు. ఇంట్లో ఆయన భార్య మా ఇద్దరికీ ప్రత్యేకంగా బియ్యప్పిండి రొట్టె చేసేది. కొరికితే ఇసుక, మింగితే రంపపు పొట్టు. ఉన్నన్ని దినాలూ అదే. పక్కన వాళ్ళ పిల్లలు వెన్న రాసిన బన్నులు తింటూ నన్ను జాలిగా చూసేవాళ్ళు.

తిరుగు ప్రయాణం రోజు విమానాశ్రయంలో నీలయ్య నా చేతిలో ఒక డబ్బా పెట్టినాడు. మూత తీస్తే దాల్చినచెక్క బన్నులు. అసలైన గోధుమవి.

"నీలయ్యా, నాకు పడదు కదా?"

ఆయన చూపుడు వేలు నా మొహం ముందు పెట్టినాడు. వేలి మీద నా పళ్ళ గుర్తు, ఇంకా అట్లాగే ఉంది.

"ఈ రోగం ఉన్నవాడు ముందు రొట్టె ఉమ్ముతాడు, బాషా భాయ్. వేలు కొరకడు."

"అప్పుడే తెలుసా? మరి చెప్పలేదేం?"

"చెప్తే సుబ్బన్న నిన్ను ఉడికించేవాడు. పైగా ఆ గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, నాలాంటివాడు ఇంకొకడున్నాడంటే బాగుండేది. అబద్ధమైనా సరే."

"మరి ఇన్ని దినాలు నాకు ఆ ఇసుక రొట్టె ఎందుకు తినిపించినావు?"

"అది వేలికి బదులు," అన్నాడు నీలయ్య.

విమానం కదలకముందే డబ్బా ఖాళీ చేసినాను. పక్క సీటు ఆవిడ వేరే సీటు అడిగి పోయింది.

కాబట్టి, చదువరులారా, ఈ బాషా మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాడు: కడుపు మీద ఒట్టు, ఇక ఈ జన్మలో నాకు లేని ఏ రోగమూ ఉందని చెప్పను. ఈ ప్రమాణానికి పరీక్ష పోయిన నెలే వచ్చింది. కడపలో షుగరు డాక్టరు కాగితం మీద గీతలు గీస్తూ, "అన్నం బంద్. రెండు పూటలా చపాతీలే," అన్నాడు. "నాకు గోధుమ పడదు సార్" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీలయ్య వేలు కళ్ళ ముందు కనపడింది. మింగేసినాను.

ఇది రాస్తున్నప్పుడు కూడా చపాతీయే తింటున్నాను. గోడకు సున్నం వేసినట్టుంది.